క్యాంపర్ బండిలో పోర్టబుల్ టాయిలెట్: కొనే ముందు ఎక్కడ ఖాళీ చేస్తారో తేల్చుకోండి

కర్నూలు నుంచి ఒకరు అడిగారు. పాత టెంపో ట్రావెలర్ తీసుకుని, దారిలో అందులోనే వండుకుని పడుకునేలా క్యాంపర్‌గా చేయించుకుంటున్నారు. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లు, ఇద్దరు పిల్లలు. అమ్మగారికి షుగరు, మోకాళ్ల నొప్పి. సంక్రాంతి సెలవుల్లో గండికోట, బెలుం గుహలు, అహోబిలం, వీలైతే శ్రీశైలం తిరగాలని ఉంది. బండిలో టాయిలెట్ పెట్టించాలా వద్దా? పెట్టిస్తే చేత్తో ఎత్తి బయట పెట్టుకునే రకమా, బాడీకి బిగించేదా, నీళ్లు అక్కర్లేని డ్రై టాయిలెట్టా? వాసన వస్తుందేమోనని ఇంట్లో టెన్షన్ కూడా ఉందట.

సూటిగా చెప్తాను. మీ ఇంటికి ఎత్తి పెట్టుకునే రకమే సరి. కింది ట్యాంకు 20 లీటర్లకు తగ్గకుండా చూసుకోండి. బిగించే రకం వద్దు. డ్రై టాయిలెట్ మన అలవాట్లకు కుదరదు. తీసుకున్నదాన్ని కూడా రాత్రిళ్లు ఒంటికి, ఇక తప్పదన్నప్పుడు రెంటికి వాడుకోండి, అంతే. పొద్దున పనులకు బంకో, హోటలో, లాడ్జి గదో చూసుకోవడమే మేలు. డబ్బు కట్టే ముందు, నిండిన ట్యాంకు ఎక్కడ ఖాళీ చేస్తారో ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. అది తేలకుండా ఎంత మంచి సరుకు కొన్నా చివరికి అటక ఎక్కుతుంది.

అనంతపురంలో బండ్లకు లోపలి పని చేసే షెడ్డు మాది. సీట్లు, మంచాలు, వైరింగు, నీళ్ల ట్యాంకులు, అన్నీ చేస్తాం. క్యాంపర్ కోసం వచ్చేవాళ్లు మంచం తర్వాత అడిగేది టాయిలెట్ గురించే. మోజుపడి పెట్టించుకుని, కొన్నాళ్లకు మళ్లీ వచ్చి "దాన్ని తీసేసి అక్కడ బీరువా పెట్టన్నా" అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరిదీ దాదాపు ఒకటే కథ. కొనేటప్పుడు కూర్చోవడం గురించే ఆలోచించారు, పారబోయడం గురించి ఎవరూ ఆలోచించలేదు.

ముందు వస్తువు సంగతి. థెట్‌ఫర్డ్, డొమెటిక్ లాంటి కంపెనీలవైనా, వాటిని చూసి చేసినవైనా లోపలి అమరిక ఒకటే. రెండు ప్లాస్టిక్ పెట్టెలు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. పైదాంట్లో ఫ్లష్‌కు మంచినీళ్లు, దాని మీద సీటు. కిందిది మురికి ట్యాంకు. మధ్యలో జారుడు పలకలాంటి వాల్వు, దాని చుట్టూ రబ్బరు సీలు. వాల్వు మూసి ఉన్నంతసేపూ వాసన పైకి రాదు. పక్కనున్న క్లిప్పు తీస్తే రెండూ విడిపోతాయి, కిందిదాన్ని పిడి పట్టుకుని మోసుకుపోవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు మొత్తం నాలుగైదు కేజీలే. బాడీకి బోల్టులు, పైపులు, తూట్లు ఏమీ అక్కర్లేదు.

ఎత్తు చూసి కొనండి. చిన్నవి ఒక అడుగు ఎత్తే ఉంటాయి. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు దాని మీద కూర్చుంటే లేవలేరు. పెద్దవి 40, 45 సెంటీమీటర్ల దాకా ఉంటాయి. మీ అమ్మగారికి అదీ తక్కువే అనిపించవచ్చు. మేమైతే కింద మూడు అంగుళాల ప్లైవుడ్ పీట కొట్టి, పక్కన గోడకు స్టీలు పిడి ఒకటి బిగిస్తాం. ఆ పిడి విలువ పెద్దవాళ్లకే తెలుస్తుంది.

ట్యాంకు ఎన్నాళ్లకు నిండుతుంది? కంపెనీ వాళ్లు అట్ట మీద ఇన్నిసార్లు వాడొచ్చని రాస్తారు. అది కాగితంతో తుడుచుకునే దేశాల లెక్క. మన లెక్క వేరు. మనిషికి రోజుకు సుమారు లీటరున్నర మూత్రం వస్తుంది. పిల్లలది తక్కువ వేసుకున్నా మీ ఐదుగురికీ కలిపి ఆరు లీటర్లు. ఒక్కో ఫ్లష్‌కు పొదుపుగా మూడొందల మిల్లీలీటర్లు, మనిషికి ఐదుసార్లు చొప్పున ఏడున్నర లీటర్లు. కడుక్కోవడానికి మనిషికి అర లీటరుతో సరిపెట్టినా ఇంకో రెండున్నర. వాసన ఆపే మందుతో కలిపి అడుగున ముందుగా పోసే నీళ్లు రెండు లీటర్లు. మొత్తం పద్దెనిమిది. అంటే అన్నిటికీ బండిలోదే వాడితే 20 లీటర్ల ట్యాంకు ఒక్క రోజులో అంచుకు వస్తుంది. మగ్గుతో ధారాళంగా కడుక్కునే ఇంట్లో అయితే సాయంత్రానికే.

రాత్రికి మాత్రమే అనుకుంటే లెక్క మారిపోతుంది. షుగరున్న మనిషి రెండు మూడుసార్లు లేస్తుంది, పిల్లలు ఒక్కోసారి. అన్నీ కలిపి మూడు లీటర్లు దాటవు. మూడు రాత్రులు హాయిగా గడుస్తాయి. నేను మిమ్మల్ని పరిమితంగా వాడమంటున్నది ఇందుకే.

కడుక్కోవడానికి మగ్గు బదులు చేత్తో నొక్కే స్ప్రే సీసా పెట్టుకోండి. పసిపిల్లలున్న ఇళ్లలో వాడతారే, మూతికి వంపు తిరిగిన ముక్కు ఉంటుంది, అది. పావు లీటరుతో పని అయిపోతుంది. జెట్ స్ప్రే బిగించమని అడుగుతారు కానీ మేము ఒప్పుకోం. చిన్న ఫైబర్ గదిలో ఆ జెట్టు కొడితే నీళ్లు సీటు అంచుకు తగిలి నేల మీదికి, నేల నుంచి ప్లైవుడ్ అంచుల్లోకి పోతాయి. ప్లై ఉబ్బిందంటే ఆ వాసన టాయిలెట్ వాసన కన్నా మొండిది.

ఇప్పుడు వాసన. మూత్రం, మలం కలిసినప్పుడు మలంలోని బ్యాక్టీరియా మూత్రంలోని యూరియాను విరగ్గొట్టి అమోనియాగా మారుస్తుంది. ముక్కుకు గుచ్చుకునేది అదే. వేడి పెరిగేకొద్దీ ఈ పని వేగంగా జరుగుతుంది. ఊటీలో మూడు రోజులు నిలిచే ట్యాంకు, ఏప్రిల్‌లో తాడిపత్రి ఎండలో ఒక్క రోజుకే కంపు కొడుతుంది. మీరు వెళ్లేది సంక్రాంతికి కాబట్టి బతికిపోయారు. ఎండాకాలం ఎక్కడికైనా బయల్దేరితే ప్రతి పొద్దునా ఖాళీ చేయాల్సిందే, నిండినా నిండకపోయినా.

ఎండతో ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. మూసిన ట్యాంకులో గ్యాసు చేరి ఒత్తిడి పెరుగుతుంది. ఒక కుటుంబం బెలుం గుహల దగ్గర మధ్యాహ్నమంతా బండి ఎండలో పెట్టి లోపల చూసి వచ్చారు. రాగానే పిల్లవాడు సీటు మీద కూర్చునే ముందు వాల్వు ఒక్క లాగు లాగాడు. గోలీసోడా కొట్టినట్టు బుస్సుమని పైకి చిమ్మింది. బండి మా దగ్గరికి వచ్చినప్పుడు చూస్తే తెల్లటి లామినేట్ గోడ మీద మనిషి నడుము ఎత్తు దాకా ట్యాంకులో పోసిన మందు తాలూకు నీలం చుక్కలు, అద్దం బీడింగు సందుల్లో కూడా. ఆ నీలం మరక సబ్బుకు పోదు, షీటు మార్చాల్సి వచ్చింది. మూత కిందికి దించి, వాల్వు ముందు గోరంత తెరిచి, గాలి పోయాక మిగతాది లాగాలి. ఇది ఇంట్లో పిల్లలతో సహా అందరికీ నేర్పండి.

మందుల విషయానికి వస్తే, రంగుల తేడా ఊరికే కాదు. నీలం ద్రవాల్లో కొన్ని బ్యాక్టీరియాను చంపి వాసన ఆపుతాయి, ఫార్మాల్డిహైడ్ అనే విష రసాయనం ఉన్నవీ ఉంటాయి. మన ఇళ్లలో సెప్టిక్ ట్యాంకు నడిచేదే బ్యాక్టీరియా మీద కాబట్టి, అలాంటిది తెచ్చి ఇంటి కమోడులో పోస్తూ ఉంటే సెప్టిక్ ట్యాంకు పని చెడుతుంది. ఆకుపచ్చ సీసాల్లో వచ్చే ఎంజైము రకాలు మీకు మంచివి. సీసా వెనుక ఫార్మాల్డిహైడ్ లేదని రాసి ఉందో లేదో చదవండి.

ఫినాయిలు, బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ అందులో పోయకండి. యాసిడ్ సీలునూ స్ప్రింగునూ తినేస్తుంది. అంతకన్నా ముఖ్యం, బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. బ్లీచింగ్ మూత్రంలోని అమోనియాతో కలిసినా ఊపిరితిత్తులను మండించే గ్యాసులే వస్తాయి. నలుగురు పడుకునే మూసిన బండిలో అది ఆటలు కాదు.

"రైల్లో ఉన్నట్టు బయో టాయిలెట్ పెట్టొచ్చు కదా" అని చాలామంది అడుగుతారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్డీవో, రైల్వే కలిసి చేసిన ఆ పద్ధతి, మలాన్ని బ్యాక్టీరియాతో కుళ్లబెట్టేది, మంచిదే. కానీ దానికి బోగీ కింద వేలాడే పెద్ద ట్యాంకు కావాలి. పైగా లోపల కుళ్లిన తర్వాత మిగిలిన నీళ్లు పట్టాల మీదికి కారిపోతాయి. మనం 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి దాకా కార్చుకుంటూ పోలేం.

ఇక అసలు సంగతి, పారబోయడం. యూరప్‌లో క్యాంపు సైట్లలో ఇలాంటి ట్యాంకులు ఖాళీ చేసుకోవడానికే ఒక చోటు కట్టి, పక్కన కడిగే కొళాయి పెడతారు. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం దారుల్లో అలాంటిది నా కంట పడలేదు. కాబట్టి మనకున్నవి మూడు దారులు: మన ఇల్లు, అద్దెకు తీసుకున్న గది, అడిగి ఒప్పించుకున్న బంకు టాయిలెట్. గండికోటలో, శ్రీశైలంలో టూరిజం వాళ్ల హరిత హోటళ్లున్నాయి. రెండు రాత్రులు బండిలో పడుకుంటే మూడో రాత్రికి ఒక గది తీసుకోండి. అందరికీ స్నానాలు అవుతాయి, ట్యాంకూ ఖాళీ అవుతుంది. బంకులో అయితే డీజిల్ కొట్టించుకుని, మేనేజరుతో మాట్లాడి, పని అయ్యాక రెండు బకెట్ల నీళ్లు మనమే పోసి రావాలి. చెప్పాపెట్టకుండా పోసి వచ్చేస్తే తర్వాత వచ్చే క్యాంపర్ వాళ్లకు తలుపు తీయరు.

నిండిన ట్యాంకు బరువు ఇరవై కేజీలు పైనే. నీళ్లు లోపల ఊగుతుంటాయి కాబట్టి అంతకన్నా బరువుగా అనిపిస్తుంది. ఎత్తేది మీరే, మెట్లు ఎక్కేదీ మీరే. ముప్పావు వంతు నిండగానే తీసేయండి. పోసేటప్పుడు వెస్టర్న్ కమోడు కన్నా మన ఇండియన్ బేసినే నయం. పోసే గొట్టాన్ని బయటికి తిప్పి, మూతి బేసిన్ అంచుకు ఆనించి, ట్యాంకు వెనుకనున్న గాలి బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టుకుని వంచాలి. ఆ బటన్ నొక్కకపోతే గడగడమని ఆగి ఆగి పడి కాళ్ల మీదికి చిందుతుంది. నొక్కితే ధార సాఫీగా పోతుంది. తర్వాత రెండు లీటర్ల నీళ్లు పోసి, మూత బిగించి, అటూ ఇటూ ఊపి మళ్లీ పారబోయాలి. ఇలా రెండుసార్లు. చేతులకు గ్లవ్స్ వేసుకోండి, ఆ జత ఆ పనికే ఉంచండి.

పోయకూడని చోట్లు కూడా చెప్పాలి, ఎందుకంటే చీకట్లో ఎవరూ చూడరులే అనుకునేవాళ్లున్నారు. గండికోట లోయలో కింద కనిపించే పెన్న నీళ్లు మైలవరం జలాశయానికి చేరేవే. తుంగభద్ర నీళ్లు మీ కర్నూలు కొళాయిల్లో వచ్చేవే. వాన నీటి కాలువలు, రోడ్డు పక్క గుంతలు, శనక్కాయ చేలు, నల్లమల అడవి, ఇవేవీ పారబోసే చోట్లు కావు. మందు కలిపినది మామూలు మురికి కన్నా నేలకు ఎక్కువ చేటు.

బంకుల దగ్గర ఇంకొకటి చూశాను. అక్కడ ఊడ్చే మనిషి చేతిలో వంద నోటు పెట్టి "కాస్త పారబోసి కడిగి పెట్టు" అంటారు. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని ఈ దేశం 2013లో చట్టం చేసి మరీ నిషేధించింది. చట్టం మాట పక్కన పెట్టినా, మన ఇంటి మురికిని మోయడానికి ఇష్టం లేనివాళ్లు ఈ వస్తువు కొనకపోవడమే మంచిది. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

బిగించే క్యాసెట్ టాయిలెట్ ఎందుకు వద్దన్నానో చెప్తాను. చూడ్డానికి ఇంట్లో కమోడులా నిండుగా ఉంటుంది, కదలదు, పెద్దవాళ్లకు భరోసాగా ఉంటుంది, ట్యాంకును బయటి తలుపు తీసి లాగేయొచ్చు, కొన్నిటికి సూట్‌కేసులా చక్రాలూ ఉంటాయి. ఇవన్నీ నిజమే. కానీ బిగించేది కదా, ట్యాంకు పెద్దదై ఉంటుందనుకుంటారు. కాదు, అదీ ఇంచుమించు 17 నుంచి 20 లీటర్లే. అంత ఖర్చు పెట్టినా ఖాళీ చేయాల్సిన రోజు మారదు. బయటి తలుపు కోసం బండి పక్క రేకు కోయాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను బండి అసలు స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి ఒప్పుకోదు, కాబట్టి కోతకు ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి రావాలి. ఎత్తి పెట్టుకునే రకం సామాను కింద లెక్క, దానికి ఈ తలనొప్పి లేదు. బండి అమ్మేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చు కూడా.

డ్రై టాయిలెట్‌కు అభిమానులు ఎక్కువ, ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి అడుగుతారు. మూత్రం ముందు సీసాలోకి, మలం వెనుక డబ్బాలోకి వేరుగా పోతాయి. పైన కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, చల్లి, చిన్న 12 వోల్టుల ఫ్యాను నడిపితే తడి ఆరిపోతుంది. రెండూ కలవవు కాబట్టి వాసన నిజంగానే తక్కువ. కోకోపీట్ మనకు నర్సరీల్లో దొరికేదే. కానీ ఇదంతా ఆ డబ్బాలో చుక్క నీళ్లు పడనంతవరకే. మనవాళ్లు సీటు మీదే కడుక్కుంటారు. ఒక్కసారి కడిగితే పొడి కాస్తా బురద అయిపోతుంది, ఆ తర్వాత వచ్చే కంపు మామూలుగా ఉండదు. ఒంటరిగానో దంపతులుగానో తిరుగుతూ, పక్కకు జరిగి వేరే చోట కడుక్కునే క్రమశిక్షణ ఉన్నవాళ్లకు బాగుంటుంది. అలా వాడే ఒక జంట నాకు తెలుసు, హాయిగా ఉన్నారు. పిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అది జరిగే పని కాదు. పైగా "ఎరువైపోతుంది" అన్నది బండిలో జరగదు. గుంతలో కప్పి మన వేడి నేలల్లో కూడా కనీసం ఏడాది ఆగితే తప్ప చేతులు పెట్టకూడదు. సొంత పొలం ఉంటే బావికీ బోరుకీ దూరంగా గుంత తీసుకోవచ్చు.

సంచులు తగిలించే మడత స్టూళ్లూ ఉన్నాయి. డైపర్లలో ఉండే పొడే అందులో వేస్తారు, తడి జెల్లులా గడ్డకడుతుంది. మందుల షాపుల్లో దొరికే కమోడ్ కుర్చీకి ఆ సంచి తగిలించినా పని జరుగుతుంది, చేతులు ఆనించుకునే పిడులుంటాయి కాబట్టి అమ్మగారికి అదే ఎక్కువ సుఖం కావచ్చు. సంచిని ఎక్కడ వేస్తారన్న ప్రశ్న మాత్రం మళ్లీ మొదటికి వస్తుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయినప్పటికి నాలుగు సంచులు డాష్‌బోర్డులో ఉంచుకోండి, చాలు.

ఇప్పుడు ఎవరూ పైకి అనని మాట. మన పెద్దవాళ్లు బండిలో పక్కన కొడుకు, కోడలు కూర్చుని ఉండగా పరదా చాటున వెళ్లరు. చప్పుడు వినిపిస్తుందని సిగ్గు. దానికి తోడు, పక్కనే స్టవ్వు, పైన అహోబిలం ప్రసాదం పెట్టిన అర, అందులో ఇదేంటని అభ్యంతరం. తాడిపత్రి నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన కోసమే చేయించిన గదిలో ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదట, కొడుకే చెప్పాడు. అందుకే మేము వెనుక తలుపు దగ్గర బయటికి లాగే అర చేసి, దాని మీద టాయిలెట్ పెడతాం. బండి ఆపాక లాగి, తలుపుకు తగిలించే గుడారం దించితే అది బండి బయట ఉన్నట్టే. వంటకు దూరం, మాటకు దూరం. గండికోట గట్టు మీద గాలికి తేలిక గుడారాలు నిలబడవు, మూలలకు నీళ్ల డబ్బాలు కట్టండి. అమ్మగారిని ముందే ఒకసారి ఇంటి ముందు బండిలో కూర్చోబెట్టి చూడండి. ఆమె వాడనంటే మీకు దీని అవసరం సగం పోయినట్టే.

శ్రీశైలం ఘాట్ గురించి ఒక మాట. అడవి చెక్‌పోస్టులు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. ఆలస్యమై దోర్నాల దగ్గర రాత్రంతా ఆగాల్సి వస్తే, షుగరున్న మనిషికి బండిలో టాయిలెట్ ఉండటం ఎంత సుఖమో అప్పుడు తెలుస్తుంది. పోర్టబుల్ టాయిలెట్‌కు నేను పూర్తి మార్కులు వేసేది ఇలాంటి రాత్రికే.

ఏ రకమైనా అడుగున చెక్క పట్టీలు కొట్టి బెల్టుతో బిగించండి. సడన్ బ్రేకు వేస్తే నిండు ట్యాంకు ముందుకు దూసుకొస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకోవచ్చా అని చివర్లో అడిగారు. తీసుకోవచ్చు, సీలు బాగుంటే. కింది ట్యాంకులో సగం నీళ్లు పోసి, వాల్వు మూసి, తలకిందులుగా పాత న్యూస్‌పేపరు మీద ఒక రాత్రి ఉంచండి. పొద్దునకు కాగితం తడిస్తే సీలు పోయినట్టు. విడిగా సీలు దొరికే మోడలు అయితేనే బేరమాడండి, లేకపోతే వదిలేయండి. కొన్నాక సీలుకు సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు, వాజ్‌లైన్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. మీ బండి వెనుక తలుపు వెడల్పు, లోపలి ఎత్తు కొలిచి ఇక్కడ రాస్తే అర ఏ సైజులో కొట్టించాలో చెప్తాను.